కువైట్ ప్రయాణం: ఉదయగిరి నుంచి కనిగిరి దాకా, ఊరు దాటక ముందు చూసుకోవాల్సినవి

ఉదయగిరి, సీతారామపురం, వింజమూరు, పామూరు, కనిగిరి పల్లెల్లో కువైట్‌కో దుబాయ్‌కో మనిషి వెళ్ళని వీధి తక్కువ. అయినా ప్రయాణం మాట రాగానే ఏజెంటును మొదట అడిగేది "వీసా ఎంత?" అనే. ముందు అడగాల్సింది "ఏ వీసా?" అని. రేటు తక్కువని తప్పు వీసా మీద దిగిన మనిషిని కాపాడటం ఎంబసీకి కూడా కష్టం. సరైన కాగితంతో వెళ్ళినవాళ్ళకు సేఠు (అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని) ఎంత చెడ్డవాడైనా చెప్పుకోవడానికి ఒక చోటు ఉంటుంది. అందుకే పనంతా చెన్నైలో విమానం ఎక్కక ముందే ఉంది.

వీసా నంబరు

కువైట్‌లో అకామాలను (ఆ దేశంలో ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతులను) అక్కడి చట్టంలోని ఆర్టికల్ నంబరుతో పిలుస్తారు. ఇంటిపనికి, వంటకు, ఇంటి డ్రైవర్‌కు ఇచ్చేది 20. మనవాళ్ళు ఖద్దామా వీసా అనేది దీన్నే. కంపెనీలకు, దుకాణాలకు, కాంట్రాక్టు పనులకు ఇచ్చేది 18. దీన్ని షూన్ వీసా అంటారు. రెండింటికీ చట్టాలు వేరు. 18 వాళ్ళకు 2010 నాటి కార్మిక చట్టం వర్తిస్తుంది: రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఓవర్‌టైంకు గంట జీతం మీద 25 శాతం అదనం, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు. 20 వాళ్ళకు 2015లో చేసిన ఇంటిపనివాళ్ళ చట్టం: మధ్యలో విశ్రాంతితో రోజుకు 12 గంటలకు మించకుండా పని, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెల సెలవు, చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చొప్పున పని ముగిసినప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బు. పాస్‌పోర్టు సేఠు దగ్గర పెట్టుకోకూడదని కూడా ఈ చట్టమే చెబుతోంది.

20 మీద వెళ్ళిన మనిషి ఆ సేఠు ఇంట్లోనే పని చేయాలి. అదే సేఠు తన దుకాణంలో నిలబెట్టినా తనిఖీలో దొరికేది మీరే. "ఆజాద్ వీసా, ఎక్కడైనా చేసుకోవచ్చు" అని అమ్మేది నిజానికి ఎవరో ఒక కఫీల్ (వీసా ఇచ్చే స్పాన్సర్) పేరు మీద తీసిన 18 గానీ 20 గానీ. ఏడాదికోసారి అతనికి దినార్లు కట్టి బయట పని వెతుక్కోవాలి. ఆ దేశ చట్టంలో ఆజాద్ అనే వీసా లేదు. పట్టుబడితే వేలిముద్రలు తీసుకుని పంపించేస్తారు, మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టడం కష్టం.

విజిట్ వీసా మీద పంపి "అక్కడికి వెళ్ళాక మారుస్తాం" అనే మాట ఇంకా ప్రమాదం. విజిట్ మీద వెళ్ళేవాళ్ళకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి వెళ్ళడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉండదు, బీమా ఉండదు, జీతం ఎగ్గొడితే చూపించడానికి కాంట్రాక్టు ఉండదు. ముందు దుబాయ్‌కి విజిట్ మీద పంపి అక్కడి నుంచి వేరే దేశానికి దాటించేది ఎక్కువగా 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళనే. వాళ్ళకు నేరుగా క్లియరెన్స్ రాదని ఏజెంటుకు బాగా తెలుసు.

పాస్‌పోర్టులో చూడాల్సిన పేజీ

కొత్త పాస్‌పోర్టు 36 పేజీలదైతే ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి నెల్లూరు పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి టైము తీసుకోవచ్చు. ఇక్కడ బ్రోకర్ చేసేది ఏమీ లేదు, ఫారం నింపడం తప్ప.

ఫారంలో పేర్లే తకరారు పెడతాయి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరంగా, పదో తరగతి మెమోలో పూర్తిగా, ఓటరు కార్డులో అసలే లేకుండా ఉంటుంది చాలామందికి. పాస్‌పోర్టుకు పోకముందే ఆధార్‌ను మెమోతో సరిపోయేలా మార్పించుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళను అనుమతించడం లేదు.

తర్వాత ఈసీఆర్ ముద్ర ఉందా లేదా చూడండి. పదో తరగతి పాసైన మెమో పెట్టనివాళ్ళ పాస్‌పోర్టులో "ఎమిగ్రేషన్ చెక్ అవసరం" అని అచ్చవుతుంది. ఏమీ అచ్చు కాకపోతే ఈసీఎన్ఆర్, అంటే ఆ చెక్ అవసరం లేదని అర్థం, దానికి వేరే ముద్ర వేయరు. పదో తరగతి పాసై కూడా మెమో పెట్టక ఈసీఆర్ పడినవాళ్ళు మన దగ్గర చాలామంది. మెమోతో రీఇష్యూకు పెడితే పోతుంది. పదో తరగతి లేనివాళ్ళు దొంగ మెమో పెట్టించుకోవద్దు. అది తేలితే పాస్‌పోర్టు పోవడమే కాదు, కేసు కూడా పడుతుంది.

ఈసీఆర్ ఉన్నవాళ్ళు గల్ఫ్ దేశాలు, మలేషియా కలిపి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఇది ప్రయాణాన్ని ఆపే అడ్డంకి అని అందరూ అనుకుంటారు. మేము మాత్రం దీన్ని తప్పించుకోవద్దనే చెబుతాం. మీ కాంట్రాక్టు, మీ సేఠు పేరు, మీ ఏజెంటు లైసెన్సు ప్రభుత్వం దగ్గర నమోదయ్యేది ఈ ఒక్క చోటే.

ఏజెంటు, ఖర్చు

విదేశాలకు మనుషుల్ని పంపడానికి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు కావాలి. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా ఉంటుంది, అందులో లైసెన్సు నడుస్తోందా, గడువు తీరిందా, సస్పెండ్ అయిందా అన్నది కూడా చూపిస్తుంది. ఏజెంటు ఇచ్చిన కాగితం మీది నంబరు, ఆ జాబితాలోని నంబరు, ఆఫీసు చిరునామా మూడూ ఒకటే కావాలి. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. అతను మన చుట్టమే కావచ్చు, మంచివాడే కావచ్చు, కానీ అతని చేతికిచ్చిన డబ్బుకు రసీదు రాదు. రసీదు లేని డబ్బు పోలీస్ స్టేషన్‌లో నిలబడదు.

ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దీనికి రసీదు ఇచ్చి తీరాలి. ఇంటిపనికి వెళ్ళే మనిషి దగ్గర కమిషన్ తీసుకోకూడదని కువైట్ 2015 చట్టం అక్కడి ఆఫీసులకు కూడా చెప్పింది.

లక్షన్నర అడిగితే ఏమవుతుందో కాగితం మీద లెక్కేయండి. జీతం 120 దినార్లు, దినారు 280 రూపాయలు అనుకుందాం. 20 దినార్లు అక్కడి ఖర్చులకు పోతే ఇంటికి వచ్చేది 28,000. ఇంట్లో పిల్లల చదువు, పొయ్యి, మందులు 12,000. మిగిలేది 16,000. లక్షన్నర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే మొదటి నెల వడ్డీయే 3,000. అసలు, వడ్డీ తీరేసరికి 10, 11 నెలలు పడుతుంది. అంటే రెండేళ్ళ కాంట్రాక్టులో సగం దాకా అప్పు కోసమే చేసినట్టు. అదే 35,400 అయితే మూడో నెలలో తీరిపోతుంది. మొదటి జీతం సాధారణంగా నెలన్నర దాటాకే చేతికొస్తుందన్నది కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. అంతవరకూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకు నియమాలు ఇంకా గట్టివి. వయసు 30 నిండాలి. 2016 నుంచి వాళ్ళను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మన రాష్ట్రానికి ఆ సంస్థ ఓంక్యాప్. పాస్‌పోర్టులో వయసు పెంచి రాయిస్తామనే వాళ్ళు వస్తారు. ఒప్పుకోవద్దు. రేపు ఆసుపత్రిలో, కోర్టులో, ఎంబసీలో ఆ తప్పు పుట్టిన తేదీయే మీకు ఎదురు తిరుగుతుంది. నర్సులకు ఈసీఎన్ఆర్ ఉన్నా గల్ఫ్‌కు వెళ్ళాలంటే 2015 నుంచి క్లియరెన్స్ తప్పనిసరి.

డబ్బు కట్టక ముందు ఎక్స్‌రే

గల్ఫ్ మెడికల్‌ను మనవాళ్ళు ఇంకా గమ్కా అంటారు, ఇప్పుడు బుకింగ్ వాఫిద్ అనే సైటులో. చెన్నై, హైదరాబాద్ సెంటర్లకు స్లిప్ వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ చూస్తారు. ఆడవాళ్ళకు గర్భ పరీక్ష కూడా ఉంటుంది.

ఎక్కువమంది దెబ్బ తినేది ఎక్స్‌రే దగ్గర. చిన్నప్పుడెప్పుడో టీబీ వచ్చి మందులు వాడి పూర్తిగా తగ్గినా, ఊపిరితిత్తుల మీద మచ్చ మిగిలితే అన్‌ఫిట్ రాస్తారు. "నాకు జబ్బు లేదు" అన్నా ఒప్పుకోరు, అది వాళ్ళ నియమం. కాబట్టి ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వక ముందే నెల్లూరులోనో ఒంగోలులోనో ఏదో ఒక ల్యాబులో ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ పరీక్షలు చేయించుకోండి. అన్‌ఫిట్ అయ్యాక ఏజెంటు దగ్గర డబ్బు వెనక్కి రాబట్టడం కంటే ఇది చాలా చవక. కువైట్‌లో దిగాక మెడికల్ మళ్ళీ చేస్తారు, అక్కడ తప్పితే తిరుగు విమానమే. ఇక్కడ లంచమిచ్చి ఫిట్ రాయించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవలోనే దరఖాస్తు, ఫీజు 500. స్టేషన్ నుంచి ఎంక్వైరీకి వచ్చేటప్పుడు ఊళ్ళో ఉండండి. పాత గొడవ కేసు ఏదైనా పెండింగులో ఉంటే అది ఇక్కడ బయటపడుతుంది, ముందే లాయర్‌తో మాట్లాడుకోవాలి.

కాంట్రాక్టు చదివేటప్పుడు

కాంట్రాక్టు అరబ్బీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. చదవగలిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా తెలుగులో చెప్పించుకోండి. జీతం అంకె, పక్కన ఏ కరెన్సీ, మూలజీతం ఎంత, భత్యం ఎంత విడిగా చూడాలి. సర్వీసు డబ్బు లెక్క తేల్చేటప్పుడు మూలజీతం తక్కువ రాసి భత్యాలు ఎక్కువ చూపిన కాంట్రాక్టులతోనే పేచీలు వస్తాయి. పని పేరు ఏమని రాశారు? వెల్డర్‌గా వెళ్తూ కాగితం మీద క్లీనర్ అని ఉంటే అక్కడ మీ జీతం క్లీనర్ జీతమే. రానుపోను టికెట్ ఎవరిది, తిండి ఇస్తారా లేక డబ్బిస్తారా, గదిలో ఎంతమంది, ప్రొబేషన్ ఎన్ని రోజులు, ఇవన్నీ నోటి మాటగా వదలొద్దు.

దిగాక ఇంకో కాంట్రాక్టు మీద సంతకం పెట్టించే అలవాటు కొన్ని చోట్ల ఉంది, జీతం తగ్గించి. అందుకే ఇక్కడ సంతకం పెట్టిన కాపీ ఒకటి ఇంట్లో, ఒకటి సంచిలో, ఫోటో తీసి భార్య లేదా అన్న ఫోన్‌లో ఉంచాలి. ఈమైగ్రేట్‌లో నమోదైన కాంట్రాక్టు ఎంబసీకి కనిపిస్తుంది కాబట్టి రెండో కాగితాన్ని అక్కడ ప్రశ్నించవచ్చు.

క్లియరెన్స్‌కు ముందు ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు వస్తాయి. మధ్యలో సేఠు మారినా బీమా పోదు. పాలసీ కాగితం సంచిలో వేసుకుని వెళ్ళి ఇంట్లో కాపీ లేక, ఏ కంపెనీయో కూడా తెలియక డబ్బు వదిలేసుకున్న కుటుంబాలుంటాయి. నామినీకి కాపీ ఇచ్చే వెళ్ళండి. ప్రయాణానికి ముందు ఇచ్చే ఒకరోజు శిక్షణ ఉచితం, సర్టిఫికెట్ భద్రంగా పెట్టుకోండి.

మూటా ముల్లే

గసగసాలు తీసుకెళ్ళొద్దు. మన మసాలా పొడిలో కలిసినా సరే. గల్ఫ్‌లో అవి మత్తు పదార్థాల కింద నిషేధం, దొరికితే జైలే. నొప్పి మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కోడీన్, నిద్ర మాత్రలు కూడా అంతే. బీపీ, షుగర్ మాత్రలైతే డాక్టరు చీటీతో, అట్టతో సహా పెట్టుకోండి. "మా తమ్ముడికి ఈ పొట్లం ఇవ్వండి" అని ఎయిర్‌పోర్టు దగ్గర ఎవరిచ్చినా పుచ్చుకోవద్దు, సొంత ఊరివాళ్ళైనా విప్పి చూడకుండా వద్దు. ఆవకాయ నూనె కారకుండా రెండు కవర్లు కట్టి చెక్-ఇన్ పెట్టెలోనే. ఒక స్వెటర్ కూడా. ఎండాకాలం 50 డిగ్రీలు దాటే కువైట్‌లో జనవరి రాత్రులు నెల్లూరు మనిషి ఊహించనంత చలిగా ఉంటాయి.

నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు రైల్లో దాదాపు మూడు గంటలు, అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకు. విమానం తెల్లవారుజామున అయితే మెట్రో ఆగిపోయే లోపు చేరేలా మధ్యాహ్నమే బయల్దేరాలి.

దిగాక

వేలిముద్రలు, మెడికల్, అకామా, తర్వాత సివిల్ ఐడీ. దాన్ని అక్కడ బతాకా అంటారు. బతాకా చేతికొచ్చేదాకా బయట తిరగకండి, వచ్చాక అది లేకుండా అడుగు బయట పెట్టకండి. అకామా గడువు తేదీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. రెన్యూ చేయించాల్సింది సేఠే అయినా, గడువు దాటితే దొరికేది మీరు. 18 మీద ఉన్నవాళ్ళు 2025 జూలై 1 నుంచి దేశం దాటాలంటే సేఠు ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కావాలి. ఇంట్లో పెళ్ళి, చావు అని హఠాత్తుగా టికెట్ కొనుక్కుని ఎయిర్‌పోర్టుకు వెళ్తే వెనక్కి పంపుతారు. కువైట్ ప్రభుత్వ సహల్ యాప్‌లో ముందు పర్మిట్, తర్వాతే టికెట్.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదు. చేయిస్తుంటే ఫిర్యాదు చేయొచ్చు. చేసేలోపు ప్రాణం కాపాడుకోవాలి: దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి. చెమట ఆగిపోయి తల తిరిగి మాట తడబడితే అది వడదెబ్బే, నీడకు చేర్చి ఒంటి మీద నీళ్ళు పోసి అంబులెన్స్ పిలవాలి.

జీతం, డబ్బు పంపడం

జీతం బ్యాంకులో పడేలా అడగండి. చేతికిస్తే ముట్టిన దానికే సంతకం పెట్టండి. ఆరు నెలలకు కలిపి ఒకేసారి సంతకం చేసిచ్చి తర్వాత "జీతం ఇవ్వలేదు" అంటే సేఠు ఆ కాగితమే చూపిస్తాడు, కేసు అక్కడితో పోతుంది.

వెళ్ళక ముందే బ్యాంకులో పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఇక్కడి ఆదాయం పడే ప్రవాసి ఖాతాగా) మార్పించి, ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన పంపే ప్రవాసి ఖాతా) కూడా తెరవండి. అక్కడి సంపాదన ఎన్ఆర్ఈలోకి పంపితే ఇక్కడ దాని వడ్డీకి పన్ను ఉండదు. ఇంటివాళ్ళు తీసుకునేలా మ్యాండేట్ రాసివ్వొచ్చు. బ్యాంకుకు ఇచ్చిన సిమ్‌ను రోమింగ్‌తో బతికించి మీ దగ్గరే ఉంచుకోండి. ఓటీపీ ఎవరి చేతికి వస్తే ఖాతా వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

హుండీలో, అంటే బ్యాంకు లేకుండా దళారుల చేతుల మీదుగా పంపితే, దినారుకు రెండు మూడు రూపాయలు ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ ఆ డబ్బు మీ భార్య ఖాతాలో వేసేది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. అది సైబర్ మోసంలో కొట్టేసిన సొమ్మైతే పోలీసులు ఖాతా ఆపేస్తారు. అందులో ఉన్న మీ సొంత డబ్బు కూడా నెలల తరబడి కదలదు. మనీ ఎక్స్ఛేంజ్ ద్వారా పంపి రసీదు దాచండి. రేపు పొలం కొన్నప్పుడు డబ్బు ఎక్కడిదని అడిగితే ఆ రసీదులే సాక్ష్యం.

భూమి పనులు పడేలా ఉంటే వెళ్ళక ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పవర్ ఆఫ్ అటార్నీ చేయించండి, ఏ సర్వే నంబరుకు, ఏ పనికి అన్నది పేరు పెట్టి. అక్కడి ఎంబసీలో చేయించి పంపితే అది ఇక్కడికి అందిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

చెడితే

కొట్టినా, జీతం ఆపినా మొదట వచ్చే ఆలోచన పారిపోవడం. అదే ఎక్కువ నష్టం చేస్తుంది. సేఠు పారిపోయిన కేసు పెడితే మీ ఫిర్యాదు కంటే ముందు అది నమోదవుతుంది, ఇక కాగితాలు లేని ఖల్లివల్లి బతుకే. ప్రాణాపాయం ఉంటే వేరే ఊళ్ళో తెలిసినవాళ్ళ గదికి కాకుండా నేరుగా భారత ఎంబసీకి టాక్సీలో వెళ్ళండి. కువైట్‌లో అది డిప్లొమాటిక్ ఎన్‌క్లేవ్‌లో, దయ్యా పక్కన ఉంది, ఇంటిపనివాళ్ళకు షెల్టర్ కూడా నడుపుతోంది. ఇంటిపనివాళ్ళ ఫిర్యాదులు తీసుకునే కువైట్ ప్రభుత్వ శాఖ రుమైతియాలో ఉంది.

ఇక్కడి నుంచి ఇంటివాళ్ళు చేయగలిగేది కూడా చాలా ఉంది. కేంద్ర ప్రభుత్వ ప్రవాసీ సహాయ కేంద్రం 1800 11 3090, మన రాష్ట్ర ఏపీఎన్ఆర్‌టీ 0863 2340678. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే నంబరు వస్తుంది, అది రాసుకోండి. ఫోన్ చేసేముందు పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, సేఠు పేరు, ఫోను నంబరు, ఇంటి ప్రాంతం, బ్లాకు, వీధి దగ్గర పెట్టుకోవాలి. ఇవి లేక ఆగిపోయే ఫిర్యాదులే ఎక్కువ. వెళ్ళిన మొదటి వారంలోనే ఇంటి లొకేషన్ వాట్సాప్‌లో పంపించుకోమని అందుకే గట్టిగా చెప్పేది.

తిరిగొచ్చేటప్పుడు

18 మీద నెలజీతగాళ్ళకు మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు. గడువు లేని కాంట్రాక్టులో మూడేళ్ళు నిండకుండా మీరే మానేస్తే అది రాదు. రెండు, మూడు నెలల కోసం తొందరపడి పోగొట్టుకోకండి. డబ్బు ఖాతాలో పడ్డాకే "అన్నీ ముట్టాయి" అనే కాగితం మీద సంతకం పెట్టాలి. వాయిదాల మీద కొన్న ఫోను బాకీ, బ్యాంకు అప్పు, ట్రాఫిక్ జరిమానా మిగిలితే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు, టికెట్ కొనక ముందే చూసుకుని కట్టేయండి. సెలవుకు వస్తున్నారా, శాశ్వతంగా వస్తున్నారా తేల్చుకోండి. శాశ్వతమైతే అకామా రద్దు చేయించుకునే రావాలి, లేకపోతే తర్వాత ఇంకో సేఠు వీసా తీసినప్పుడు పాత అకామా అడ్డం పడుతుంది. ఊరికి చేరాక పాస్‌పోర్టు పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్చమని రాసివ్వాలి.